నగరం కింద మెట్రో సొరంగం: నేల, నీళ్లు, పగుళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు, చెన్నై, కోల్‌కతా నగరాల్లో భూగర్భ మెట్రో పనులు నడిచిన తీరును దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాం. లైను పక్కన ఇల్లున్నవాళ్లకూ, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన సివిల్ ఇంజినీర్లకూ ఉపయోగపడతాయి. లెక్కలన్నీ ఒకే నమూనా సొరంగానికి వేశాం: తవ్వే వ్యాసం 6.6 మీటర్లు, లోపలి వ్యాసం 5.8 మీటర్లు, కాంక్రీటు సెగ్మెంటు (సొరంగం గోడకు పేర్చే వంపు పలక) మందం 275 మి.మీ., ఆ పలకలు కలిసి అయ్యే ఒక్కో రింగు పొడవు 1.4 మీటర్లు, సొరంగం నడిమధ్య నేలకు 18 మీటర్ల కింద. మీ ఊళ్లో కొలతలు కొంచెం అటూ ఇటూగా ఉండవచ్చు.

ఇంకా లోతుగా తవ్వేస్తే పైన ఇళ్లకు ఏ బాధా ఉండదు కదా?

కుంగుబాటు తగ్గుతుంది, నిజమే. కానీ సొరంగం దిగినంత లోతుకు స్టేషను కూడా దిగాలి. స్టేషను గుంత లోతు పెరిగేకొద్దీ గోడ మందం, నీటి ఒత్తిడి, ఎస్కలేటర్లు, మంటలొస్తే జనం పైకి రావడానికి పట్టే సమయం, అన్నీ పెరుగుతాయి. అందుకే లోతును నిర్ణయించేది చాలాచోట్ల సొరంగం కాదు, స్టేషనే. హుగ్లీ నది కింది నుంచి రావాలి కాబట్టి హావ్‌డా స్టేషను సుమారు 30 మీటర్లు దిగింది. అలాంటి కారణం లేకపోతే ఎవరూ అంత లోతు కోరుకోరు. సొరంగం నెత్తిన కనీసం దాని వ్యాసమంత మట్టి ఉండాలన్నది పనిలో పాటించే కొలత. అంతకన్నా తక్కువ ఉన్నచోట ముందుగానే నేలను గ్రౌట్‌తో, అంటే లోపలికి ఎక్కించే సిమెంటు ద్రావణంతో, గట్టిపరుస్తారు.

రాతి నేల మంచిదా, మెత్త నేల మంచిదా?

రెండూ ఫర్వాలేదు. సొరంగం తవ్వే యంత్రానికి ఎదురుగా ఉన్న నేలను ముఖం అంటారు; ఒకే ముఖంలో రెండూ కలిసి వచ్చినప్పుడే అసలు గొడవ. మిగతా జవాబులు చాలావరకు ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

బెంగళూరు, హైదరాబాద్ లాంటి చోట్ల నేల పైనుంచి కిందికి ఎర్రమట్టి, మొరం, సగం కుళ్లిన రాయి, గట్టి గ్రానైట్ లేదా నైస్ అనే రాయిగా మారుతుంది. ఆ మార్పు గీత గీసినట్టు ఉండదు. పక్కపక్క బోర్‌హోళ్లలో ఒకదాంట్లో గట్టి రాయి 8 మీటర్లకే తగిలితే, రెండోదాంట్లో 18 మీటర్లకు గానీ తగలకపోవచ్చు. మొరంలో అక్కడక్కడా కుళ్లకుండా మిగిలిన బండలు వేరే.

యంత్రం ముఖంలో కింది సగం గట్టి రాయి, పై సగం మొరం ఉందనుకోండి. రాతిని కోయాలంటే నిమిషానికి 5 మి.మీ. మించి ముందుకు జరగలేదు. అంటే 1.4 మీటర్ల రింగుకు 280 నిమిషాలు పడుతుంది. ముఖమంతా మట్టే అయితే నిమిషానికి 40 మి.మీ. చొప్పున అదే రింగు 35 నిమిషాల్లో అయిపోతుంది. ఆ అదనపు నాలుగు గంటలూ కట్టర్ హెడ్ (యంత్రం ముందు తిరుగుతూ తవ్వే చక్రం) తిరుగుతూనే ఉంటుంది, ప్రతి చుట్టుకూ పైనున్న మెత్తటి మట్టిని గీరుతూనే ఉంటుంది. యంత్రం ముందుకు జరగదు, మట్టి మాత్రం లోపలికొస్తుంది. రోడ్డు కింద బోలు ఏర్పడేది ఎక్కువగా ఇలాగే.

కట్టర్ హెడ్ మీద రాతిని కోసే డిస్కులకూ ఇది చేటే. ప్రతి చుట్టులో డిస్కు మట్టిలోంచి వచ్చి రాతి అంచును కొట్టుకుంటుంది. దాంతో బేరింగు పోతుంది, డిస్కు అంచునున్న ఉక్కు రింగు చిట్లుతుంది. మట్టి ఇరుక్కుని తిరగడం మానేసిన డిస్కు ఒకపక్కే అరిగి చదునవుతుంది. దాని భారం పక్క డిస్కుల మీద పడి అవీ పోతాయి. బెంగళూరు తొలి దశలో చిక్‌పేట - మెజెస్టిక్ మధ్య గోదావరి అనే యంత్రం కట్టర్ హెడ్ దెబ్బతిని నెలల తరబడి కదల్లేదు. 2016లో గానీ బయటికి రాలేదు. ఆ పేరు చూసి మనవాళ్లు వేసిన జోకులకు లెక్కలేదు, తప్పు మాత్రం నేలది.

తవ్వడానికి ముందు నేలను పరీక్షించరా? అయినా లోపల ఏముందో తెలియదంటారేం?

పరీక్షిస్తారు. లైను పొడవునా సుమారు 50 మీటర్లకొక బోర్‌హోల్, స్టేషన్ల దగ్గర ఇంకా దగ్గరదగ్గరగా వేస్తారు. మట్టిలో ఎస్పీటీ (దెబ్బలు కొట్టి గట్టిదనం చూసే పరీక్ష), రాతిలో కోర్ తీసి ఆర్‌క్యూడీ (రాయి ఎంతవరకు పగలకుండా ఉందో చెప్పే శాతం), నలుగుడు బలం, డిస్కులను ఎంత అరగదీస్తుందో చెప్పే సెర్షార్ సూచిక చూస్తారు. నీరు ఎంత వేగంగా పారుతుందో రాతిలో లూజాన్ పరీక్షతోనూ, ఇసుకలో పంపింగ్ పరీక్షతోనూ తేలుస్తారు. నేలలో నీటి ఒత్తిడి కొలిచే పీజోమీటర్లను కనీసం ఒక వానాకాలం దాటేదాకా చదవాలి. ఎండాకాలం నీటిమట్టం పట్టుకుని డిజైన్ చేస్తే కార్తెలు మారగానే లెక్క తప్పుతుంది.

ఇంత చేసినా చేతికొచ్చే నమూనా ఎంతో చూడండి. కిలోమీటరు సొరంగంలో తవ్వేది 34,000 ఘనపు మీటర్లు. కిలోమీటరుకు 20 బోర్‌హోళ్లు, 54 మి.మీ. కోర్, సొరంగం ఎత్తు 6.6 మీటర్లు లెక్కేస్తే మనం కళ్లతో చూసే రాయి మొత్తం 0.3 ఘనపు మీటరు. మిగతాదంతా ఊహే. అందుకే బోర్‌హోళ్ల మధ్య ఖాళీలను భూకంప తరంగాల పరీక్షలతో నింపుతారు, యంత్రం లోపలినుంచి ముందుకు ప్రోబ్ డ్రిల్ (ఎదురుగా ఏముందో చూసే సన్న రంధ్రం) వేస్తారు.

బోర్‌హోల్‌ను సొరంగం నడిమి గీత మీద వేయకూడదు, కొన్ని మీటర్లు పక్కకు వేయాలి. పనయ్యాక సిమెంటు గ్రౌట్‌తో అడుగునుంచి పైదాకా నింపాలి. మట్టి తోసి మూసేసిన బోర్‌హోల్ రెండేళ్ల తర్వాత యంత్రం కిందికొచ్చినప్పుడు గొట్టంలా పనిచేస్తుంది.

సర్వేకు వచ్చినవాళ్లు పాత బావులు, బోర్ల గురించి అంత గుచ్చి గుచ్చి అడుగుతారెందుకు?

మన నగరాల్లో కాగితం మీద లేని ప్రమాదం ఇదే. పాత ఇళ్ల వెనక చేదబావులుండేవి. నీళ్లు ఎండాక చెత్త, ఇటుకముక్కలు పోసి పైన గచ్చు చేశారు. తర్వాత అదే చోట బోర్లు వేశారు, అవి ఎండితే కేసింగ్ పైపు అలాగే వదిలేసి మూత పెట్టారు. సొరంగం దగ్గరికొచ్చాక చెత్త నిండిన బావి ఒక్కసారిగా యంత్రంలోకి జారుతుంది. ఇనుప కేసింగ్ కట్టర్ హెడ్‌కు, తవ్విన మట్టిని బయటికి లాగే స్క్రూ కన్వేయర్‌కు చుట్టుకుంటుంది. తెరిచున్న బోరైతే లోపలి ఒత్తిడి, నురగ, బెంటోనైట్ (నీళ్లలో ఉబ్బే సన్నటి బంకమట్టి) అన్నీ దాని గుండా ఇంటి పెరట్లో పైకి తన్నుకొస్తాయి.

మీ స్థలంలో పాత బావి ఉందని తెలిస్తే సర్వేవాళ్లు అడగకపోయినా చెప్పండి. చెబితే స్థలం పోతుందేమోనని దాచేవాళ్లున్నారు. పోదు. బావిని సన్న కాంక్రీటుతో నింపి వెళతారు, అంతే.

ఏ నేలకు ఏ యంత్రం?

నగరాల్లో ఎక్కువగా వాడేది ఎర్త్ ప్రెషర్ బ్యాలెన్స్ రకం, సైట్లో ఈపీబీ అంటారు. తవ్విన మట్టినే ముందు గదిలో నింపి, దాని ఒత్తిడితో ఎదుటి నేలను ఆపుతుంది. బంకమట్టి, ఒండ్రు ఉన్నచోట హాయిగా నడుస్తుంది. నీళ్లు బాగా పారే ఇసుకలో, పగుళ్ల రాతిలో స్లరీ యంత్రం మేలు. అందులో బెంటోనైట్ ద్రవం ఎదుటి ముఖాన్ని ఆపుతుంది, మట్టి ద్రవంతో కలిసి పైపుల్లో బయటికొస్తుంది. ఖర్చు ఎక్కువ, పైన మట్టిని వేరుచేసే ప్లాంటుకు పెద్ద స్థలం కావాలి.

కుళ్లిన గ్రానైట్‌లో ఈపీబీ నడపాలంటే ఒక చిక్కుంది. ఆ మట్టిలో సన్నటి పొడి తక్కువ, గరుకు ఇసుక ఎక్కువ. స్క్రూలో ముద్దలా పట్టి నీటిని ఆపదు. బెంటోనైట్ కలిపి ముద్ద చేయాలి. ఈ సంగతి వదిలేసి సగం నిండిన గదితో నడిపితే ఏమవుతుందో పోర్చుగల్‌లోని పోర్టో మెట్రో చూసింది. అక్కడా కుళ్లిన గ్రానైటే. 2001 జనవరిలో నేల కూలి, పైనున్న ఇంట్లో ఒకరు చనిపోయారు. ఆ తర్వాత గదిలో ఒత్తిడి పడిపోతే తనంతట తానే బెంటోనైట్ ఎక్కించే అదనపు ఏర్పాటు పెట్టి పని ముగించారు. మన గ్రానైట్ నగరాల్లో పనిచేసే ప్రతి ఇంజినీరూ ముందు చదవాల్సిన ఉదంతం అదని మా అభిప్రాయం.

ముందు గదిలో ఎంత ఒత్తిడి ఉంచాలో ఎలా తేలుస్తారు?

నీటిమట్టం నేలకు 4 మీటర్ల కింద ఉందనుకుందాం. పది మీటర్ల నీరు దాదాపు ఒక బార్. సొరంగం నెత్తి 14.7 మీటర్ల లోతులో ఉంది కాబట్టి అక్కడ నీటి ఎత్తు 10.7 మీటర్లు, అంటే సుమారు 1.05 బార్. నడిమధ్యన 1.4, అడుగున 1.7 బార్. దీని మీద 0.2 - 0.3 బార్ కలిపి ఉంచుతారు. పైకి హద్దు మట్టి బరువు: నెత్తిన అది సుమారు 2.8 బార్. ఆ దరిదాపులకు వెళితే రోడ్డు ఉబ్బుతుంది, పగులుతుంది.

చూడ్డానికి మధ్యలో చోటు బాగానే ఉంది. కానీ గది నెత్తిన గాలి చేరితే పై సెన్సారు గాలి ఒత్తిడినే చూపిస్తుంది, అక్కడ మట్టి లేదని చెప్పదు. ఆపరేటరు పైనున్న సెన్సారుకూ కింది సెన్సారుకూ తేడా చూస్తూ ఉండాలి. గది మట్టితో నిండి ఉంటే ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది, కింది సెన్సారు బాగా ఎక్కువ చూపిస్తుంది. రెండూ దగ్గరదగ్గరగా చూపిస్తుంటే గది ఖాళీ అవుతోందన్నమాట.

నేల అసలు ఎంత కుంగుతుంది?

తవ్విన పరిమాణంలో ఎంత శాతం అదనంగా లోపలికి జారిందన్నదాన్ని బట్టి. బాగా నడిపే ఈపీబీకి ఇది 0.5 - 1 శాతం. మన సొరంగం అడ్డుకోత 34.2 చదరపు మీటర్లు. 1 శాతం అంటే మీటరుకు 0.34 ఘనపు మీటరు. 1969లో పెక్ చెప్పిన పద్ధతిలో లెక్కేస్తే బంకమట్టిలో సొరంగం నెత్తిన రోడ్డు సుమారు 15 మి.మీ. దిగుతుంది, ఆ పల్లం రెండువైపులా 27 మీటర్ల దాకా పరుచుకుంటుంది. ఇసుకలో పల్లం ఇరుకు, లోతు ఎక్కువ: దాదాపు 25 మి.మీ.

మీ ఇంటికి చేటు చేసేది ఈ 15, 25 అంకెలు కాదు. ఇల్లంతా ఒకేలా 15 మి.మీ. దిగితే గోడకు తెలియను కూడా తెలియదు. ఒక మూల దిగి ఇంకో మూల నిలబడితే పగులుతుంది. అందుకే నేరుగా సొరంగం మీదున్న ఇంటికన్నా పల్లం అంచున, సగం లోపల సగం బయట ఉన్న పాత ఇల్లు కొన్నిసార్లు ఎక్కువ దెబ్బతింటుంది. ఇంజినీర్లు చూడాల్సింది కూడా ఆ వంపునే.

రింగు వెనక గ్రౌట్ ఎందుకు అంత ముఖ్యం?

యంత్రం తవ్వింది 6.6 మీటర్లు, రింగు బయటి వ్యాసం 6.35. మధ్య ఖాళీ ఒక్కో రింగుకు సుమారు 3.6 ఘనపు మీటర్లు. యంత్రం తోక రింగును దాటగానే ఆ ఖాళీ మీదికి నేల జారడం మొదలవుతుంది. అందుకే తోకలోంచే రెండు ద్రావణాలు కలిపి పంపుతారు: ఒకటి సిమెంటు, బెంటోనైట్, నీళ్ల మిశ్రమం, రెండోది సోడియం సిలికేట్. కలిసిన కొన్ని సెకన్లలోనే జెల్లీలా గడ్డకడతాయి. పరిమాణం, ఒత్తిడి రెండూ సరిపోతేనే రింగు అయినట్టు. పరిమాణం తక్కువైనా ఒత్తిడి వచ్చేసిందంటే చాలాసార్లు అర్థం, పైపు మూసుకుపోయిందని.

ఉన్నట్టుండి రోడ్డు మధ్యలో గుంత ఎలా పడుతుంది? యంత్రం ఎప్పుడో దాటిపోయింది కదా?

ఎప్పుడో దాటిపోవడమే అందులో మోసం. రింగుకు తవ్వాల్సిన మట్టి 47.9 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 2 టన్నుల చొప్పున సుమారు 96 టన్నులు. బెల్టు మీద కాటా ఉంటుంది. కలిపిన నీళ్లు, నురగ బరువు తీసేశాక కూడా 110 టన్నులు చూపిస్తే 14 టన్నులు ఎక్కువ వచ్చినట్టు. అంటే ఏడు ఘనపు మీటర్ల బోలు ఎక్కడో ఉంది. కాటాలో 3 - 5 శాతం తేడా మామూలే కాబట్టి ఒక్క రింగు చూసి గాబరాపడరు. వరసగా మూడు రింగులు ఎక్కువ చూపిస్తే ఆపి ఆలోచించాలి.

ఆ బోలు వెంటనే పైకి కనిపించదు. పైనుంచి కొంచెం కొంచెం రాలుతూ రోజులకో వారాలకో తారు కిందికి చేరుతుంది. తారు కొన్నాళ్లు పలకలా ఆగుతుంది. ఒక పెద్ద వానో, పక్కన నీటి పైపు లీకో, బరువున్న బస్సో దాన్ని తేలుస్తుంది. 2017 ఏప్రిల్ 9న చెన్నై అన్నాసాలైలో సిటీ బస్సు, కారు దిగబడిపోయింది మెట్రో సొరంగం పని నడుస్తున్న చోటే.

ఎక్కువ మట్టి వచ్చిన రింగు నంబరు రికార్డులో ఉంటుంది కాబట్టి ఆ చోట పైనుంచి సన్న రంధ్రాలు వేసి, బోలు దొరికితే గ్రౌట్‌తో నింపాలి. గ్రౌండ్ రాడార్ తోపుడుబండితో ఒక చుట్టు తిరిగి ఏమీ లేదని చెప్పడం చాలదు. తేమ బంకమట్టిలో అది రెండు మూడు మీటర్ల కింద ఏమీ చూడలేదు.

రోడ్డు మీద సబ్బు నురగ లాంటిది పైకొస్తోంది. ప్రమాదమా?

ఆ నురగ మట్టిని మెత్తబరచడానికి వాడే సబ్బులాంటి పదార్థం. పారుతున్నది ఎక్కువగా అదే, తాకితే ఏమీ కాదు. కానీ అది దారి వెతుక్కుని పైకి వచ్చిందంటే కింద ఒత్తిడి పోతోందని అర్థం. దగ్గర నిలబడి ఫొటోలు తీయకండి. సైటు వాళ్లకు చెప్పండి, వాహనాలు దాని మీదుగా పోకుండా చూడండి.

యంత్రం వారాల తరబడి ఒకేచోట ఎందుకు ఆగుతుంది? ఆగితే మాకు మంచిదేనా?

ఎక్కువగా డిస్కులు మార్చడానికి. 17 అంగుళాల డిస్కు ఒక్కోటి వంద కిలోలకు పైనే. అది మార్చాలంటే ముందు గదిలో మట్టి తీసేసి మనుషులు వెళ్లాలి. నేల గట్టి రాయి అయితే మామూలు గాలిలోనే వెళతారు. లేకపోతే ముఖానికి బెంటోనైట్ పూత పట్టించి, మట్టికి బదులు సంపీడన గాలితో ఆపి, ఆ ఒత్తిడిలోనే పనిచేస్తారు. నీళ్లలోకి లోతుగా దిగే డైవర్లకు వర్తించే నియమాలే వీళ్లకూ: కొద్ది సమయమే పని, బయటికి రావడం మెల్లమెల్లగా, సైట్లో వైద్య గది తప్పనిసరి.

మంచిదా అంటే, కాదు. నడిచే యంత్రం కన్నా ఆగిన యంత్రమే నేలకు ప్రమాదకరం. గాలి పగుళ్లలోంచి, పాత బోర్లలోంచి కారిపోతుంది, బెంటోనైట్ పూత ఎండుతుంది, మొరం నీళ్లు పీల్చి జారుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ఎక్కడ ఆగాలో ముందే మ్యాపు మీద గుర్తుపెట్టుకుంటారు: గట్టి రాయి ఉన్నచోట, లేదా పైనుంచి ముందే గ్రౌట్ చేసి ఉంచిన దిమ్మలో. పాత ఇళ్ల గుంపు కిందికి అరిగిన డిస్కులతో వెళ్లడం కన్నా దానికి ముందు రెండు వారాలు ఆగి మార్చుకుని, ఆగకుండా దాటెయ్యడం మేలు. షెడ్యూలు వెనకబడిందని ఈ రెండు వారాలు ఎగ్గొట్టిన చోటే తర్వాత నాలుగు నెలలు పోతాయి.

కోల్‌కతా బౌబజార్‌లో అసలేం జరిగింది?

ఈస్ట్-వెస్ట్ లైను యంత్రాలు రచన, ప్రేరణ 2017లో హుగ్లీ నది కింద 520 మీటర్లు పెద్ద అవాంతరం లేకుండా దాటాయి. అందరూ భయపడింది నదికి. దెబ్బ తగిలింది ఊరి మధ్య ఇరుకు వీధుల్లో. 2019 ఆగస్టు 31న చండీ అనే యంత్రం నీళ్లు నిండిన ఇసుక పొరను తాకింది. నీళ్లు, వాటితో పాటు మట్టి సొరంగంలోకి వచ్చేశాయి. పైన దుర్గా పిథూరి లేన్ ప్రాంతంలో పాత ఇళ్లు కూలాయి, వందలమంది ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

నీళ్లు మాత్రమే వస్తే తోడేయవచ్చు. నీళ్లతో ఇసుక వస్తే తోడేకొద్దీ పైన నేల ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు తోడటం ఆపాలి. అక్కడ కూడా సొరంగంలో అడ్డుగోడలు కట్టి, లోపల నీళ్లు నింపి బయటి ఒత్తిడికి సమం చేశారు. చండీ మళ్లీ నడవలేదు. రెండో సొరంగం ముగించిన ఊర్వి యంత్రాన్ని తిప్పి మిగతా భాగం తవ్వించారు. చండీని తీయడానికి తవ్విన గుంత దగ్గర 2022లో మళ్లీ నీళ్లు లీకై ఇళ్లు పగిలాయి. సియాల్దా - ఎస్ప్లనేడ్ మధ్య రైలు నడిచింది 2025 ఆగస్టులో.

స్టేషను గుంతలు తవ్వేటప్పుడు వచ్చే ఇబ్బందులు వేరా?

వేరు. ప్రపంచంలో పెద్ద ప్రమాదాలు కొన్ని సొరంగంలో కాదు, ఈ గుంతల్లోనే జరిగాయి. సింగపూర్ నికోల్ హైవే దగ్గర 2004 ఏప్రిల్ 20న మెత్తటి సముద్రపు బంకమట్టిలో తవ్విన గుంత అడ్డుదూలాలు విరిగి కూలింది, నలుగురు చనిపోయారు.

మెత్త నేలలో ముందు డయాఫ్రమ్ గోడ (గుంత చుట్టూ మట్టిని ఆపే కాంక్రీటు గోడ) వేస్తారు: 0.8 - 1.2 మీటర్ల మందం, ఒక్కో పలక విడిగా. లోపం వచ్చేది పలక మధ్యలో కాదు, పలకల అతుకులో. అక్కడ బెంటోనైట్ బురద ఇరుక్కుంటే కాంక్రీటు చేరదు. తవ్వుతూ అక్కడికి దిగాక నీళ్లు, ఇసుక చిమ్ముతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2008లో ఇలాంటి అతుకు లీకుతో పాత ఇళ్లు పది సెంటీమీటర్లకు మించి దిగాయి. తవ్వేవాళ్లకు ఒకటే సలహా: ప్రతి అతుకునూ సన్నగా గీరి, శుభ్రంగా ఉందని చూశాకే ఇంకో మీటరు దిగాలి. గ్రౌట్ పంపు, ఇసుక బస్తాలు గుంతలోనే సిద్ధంగా ఉండాలి. గోడౌనులో ఉంటే లేనట్టే.

రాతి నేలలో గోడ రాతిదాకానే వస్తుంది, కింద రాతిని బోల్టులు, షాట్‌క్రీటు (పైపుతో చిమ్మే కాంక్రీటు)తో ఆపుతారు. రాతిని తీయడానికి చిన్న చిన్న పేలుళ్లు తప్పవు. ఒక్కో రంధ్రానికి మందు తగ్గించి, వాటి మధ్య మిల్లీసెకన్ల ఎడం పెట్టి, పైన రబ్బరు చాపలు, ఇనుప వల కప్పుతారు. జర్మనీ ప్రమాణం 4150 ప్రకారం తక్కువ పౌనఃపున్యంలో నివాస గృహాలకు సెకనుకు 5 మి.మీ., పురాతన కట్టడాలకు 3 మి.మీ. కంపనం హద్దు. మనిషికి ఒక మి.మీ. లోపే తెలిసిపోతుంది. అందుకే హద్దులో ఉన్నా ఇంట్లోవాళ్లకు భయం వేస్తుంది. ఆ భయం అబద్ధం కాదు, నష్టం మాత్రం అంత తేలిగ్గా జరగదు.

మెట్రో పనివల్ల మా బోరు ఎండిపోతుందా?

గుంత నుంచి రోజూ నీళ్లు తోడుతుంటే చుట్టుపక్కల మట్టం తాత్కాలికంగా పడుతుంది, పని అయ్యాక చాలావరకు తిరిగొస్తుంది. బంకమట్టి ఉన్నచోట ఇంకో బెడద: నీళ్లు పోయిన బంకమట్టి నలిగి కుంగుతుంది, నీళ్లు తిరిగొచ్చినా పూర్తిగా లేవదు. అలాంటి చోట గుంత బయట రీఛార్జి బావులు పెట్టి మట్టం నిలపాలి.

రెండు సొరంగాల మధ్య దారి తవ్వడమే కష్టమంటారు, నిజమా?

నిజం. ప్రమాదంలో జనం ఒక సొరంగంలోంచి ఇంకోదాంట్లోకి దాటడానికి దాదాపు 244 మీటర్లకొక క్రాస్ పాసేజ్ పెడతారు. అక్కడ యంత్రం ఉండదు, ముఖాన్ని ఆపే ఒత్తిడీ ఉండదు. సెగ్మెంటు కోసి చేత్తో తవ్వాలి. ముందుగా గ్రౌట్ చేసి, లేదా నేలను గడ్డకట్టించి మొదలుపెడతారు. షాంఘై నాలుగో లైనులో 2003 జులై 1న ఇలా గడ్డకట్టించిన నేల కరిగి నీళ్లు, ఇసుక చొచ్చుకొచ్చాయి. సొరంగం, పైన భవనాలు దెబ్బతిన్నాయి. కోసే ముందు సెగ్మెంటుకు పరీక్ష రంధ్రాలు వేసి, వాటిలోంచి నీళ్లు ఎంత వస్తున్నాయో కొన్ని గంటలు కొలవాలి. ధార ఆగకపోతే మళ్లీ గ్రౌట్, మళ్లీ పరీక్ష.

మా ఇంటి కిందుగా లైను వెళుతోంది. మేం ఏం చేయాలి?

పని మొదలయ్యే ముందు ఇంటి స్థితి సర్వే జరుగుతుంది. ఆ రోజు ఇంట్లో ఉండండి. ప్రతి గది, మేడ, నీళ్ల ట్యాంకు, ప్రహరీ ఫొటోలు తీయించండి, ఉన్న పగుళ్లన్నీ రాయించండి, కాపీ అడిగి తీసుకోండి. పాత పగులు దాచిపెట్టి తర్వాత మెట్రో ఖాతాలో వేద్దామనుకుంటే నష్టపోయేది మీరే. అసలు కొత్త పగులును కూడా నమ్మరు. మీ సొంత ఫొటోలు కూడా తీసుకోండి, ప్రతి పగులు పక్కన స్కేలు పెట్టి.

గోడకు బిగించే గుర్తు పలకలు, వంపు కొలిచే పెట్టెలు పీకకండి, సున్నం వేసేటప్పుడు వాటి మీద వేయకండి. యంత్రం కిందుగా వెళ్లే రోజులు ముందే చెబుతారు. ఇల్లు ఖాళీ చేసి లాడ్జిలో ఉండమంటే ఉండండి. అది రెండు మూడు రోజుల పని.

ఏ పగులుకు భయపడాలి?

వెడల్పు చూడండి. 1 మి.మీ. లోపు పగులు సున్నం, రంగుతో పోతుంది. 5 మి.మీ. దాకా తలుపులు, కిటికీలు కొంచెం పట్టేస్తాయి, పూత పనితో సరిపోతుంది. 5 - 15 మి.మీ. అయితే గోడ కొంత తిరిగి కట్టాలి, పైపులు విరగవచ్చు. 15 దాటితే ఇంట్లో ఉండకండి. వెడల్పు కన్నా వేగం ముఖ్యం: నిన్న 1, ఇవాళ 3 మి.మీ. ఉన్న పగులు ఏళ్ల తరబడి 4 మి.మీ. ఉన్నదాని కన్నా ప్రమాదం.

కట్టాక సొరంగం బరువుకు కిందికి దిగదా?

దిగదు, పైకి తేలాలని చూస్తుంది. మీటరు పొడవు సొరంగం పక్కకు నెట్టే నీటి బరువు సుమారు 31.7 టన్నులు, దాని కాంక్రీటు బరువు 13 టన్నులే. మిగతా 18 టన్నుల పైచిలుకును అణచిపెట్టేది నెత్తిన ఉన్న మట్టే. అందుకే సొరంగం మీద ఎవరో సెల్లారు తవ్వి మట్టి తీసేస్తే మెట్రోవాళ్లు అంత గొడవ చేస్తారు.

ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో జరిగింది మెట్రోలోనూ జరగవచ్చా?

అదే రకంగా కాదు. ఎస్‌ఎల్‌బీసీ, అంటే శ్రీశైలం ఎడమ గట్టు కాలువ సొరంగంలో, నాగర్‌కర్నూల్ జిల్లాలో 2025 ఫిబ్రవరి 22న సుమారు 14వ కిలోమీటరు దగ్గర నీళ్లు, బురద, రాళ్లు విరుచుకుపడి ఎనిమిదిమంది చిక్కుకున్నారు. అది గట్టి రాతి కోసం చేసిన యంత్రం, ఎదుటి ముఖాన్ని ఒత్తిడితో ఆపే గది లేదు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం, వందల మీటర్ల కొండ. బయటికి దారి ఒక్కటే. నగరంలో సొరంగం సాధారణంగా పాతిక మీటర్ల లోపు, అర కిలోమీటరుకో కిలోమీటరుకో స్టేషను, పైనుంచి ఎక్కడైనా గ్రౌట్ వేసే వీలు. రెంటికీ ఉమ్మడి పాఠం ఒకటే: బలహీన పొర, నీళ్లు కలిసే చోటుకు చేరకముందే ముందుకు ప్రోబ్ డ్రిల్ వేసి చూడాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో భూగర్భ మెట్రో కడితే నేల ఎలా ఉంటుంది?

హైదరాబాద్ తొలి దశ 69 కిలోమీటర్లూ స్తంభాల మీదే ఉంది. అక్కడ నేల కిందికి వెళితే బెంగళూరు కథే: గ్రానైట్, మొరం, వాటి మధ్య బండలు. డిస్కుల ఖర్చు ముందు లెక్కేయాలి. విజయవాడలో కృష్ణ ఒండ్రు, ఇసుక, నల్లరేగడి, చేతికందే నీటిమట్టం. కొండల పక్కకు వెళ్తే ఉన్నట్టుండి రాయి. స్లరీ యంత్రం గురించి గట్టిగా ఆలోచించాల్సిన ఊరు అది. విశాఖలో ఎర్రగా కుళ్లే ఖొండలైట్. లోపల గట్టిగా ఉన్నచోట మాత్రం అద్భుతమైన రాయి, ముడి చమురు నిల్వ గుహలు అక్కడ రాతిలోనే తొలిచారు.

రోజుకు ఎన్ని మీటర్లు?

మట్టిలో 8 - 12, గట్టి రాతిలో, మిశ్రమ నేలలో 2 - 4. డిస్కులు మార్చే రోజు సున్నా.

మెట్రో నడవడం మొదలయ్యాక మా స్థలంలో బోరు వేసుకోవచ్చా? మేడ కట్టుకోవచ్చా?

లైనుకు రెండువైపులా మెట్రో రక్షణ పరిధి ఉంటుంది. అందులో బోరు, పైలు, సెల్లారు, అదనపు అంతస్తు, దేనికైనా మున్సిపల్ అనుమతితో పాటు మెట్రో సంస్థ నిరభ్యంతర పత్రం కావాలి. అంతస్తు సాధారణంగా ఇస్తారు, లెక్కలు చూపిస్తే చాలు. బోరు విషయంలో మాత్రం మొహమాటపడకుండా కాదంటారు. 275 మి.మీ. కాంక్రీటును బోరు రిగ్గు కొద్ది నిమిషాల్లో తొలిచేస్తుంది, అడుగున రైలు వెళుతోందని రిగ్గు మీదున్న కుర్రాడికి తెలియదు. రిగ్గు పిలిచే ముందే మెట్రో ఆఫీసులో మీ సర్వే నంబరు ఇచ్చి, సొరంగం మీ గోడకు ఎన్ని మీటర్ల దూరంలో, ఎంత లోతులో ఉందో కాగితం మీద రాయించుకోండి.